బియ్యం డ్రమ్ములో బిళ్ళలు వేయకండి

ప్రశ్న: మాది మిర్యాలగూడ దగ్గర పల్లె, కాపురం హైదరాబాద్ కొత్తపేటలో. సొంత పొలం బియ్యం 2 క్వింటాళ్లు తెచ్చి డ్రమ్ముల్లో పోస్తే నెలన్నరకే ముక్క పురుగు పట్టింది. గోధుమ పిండిలోనూ ఎర్ర పురుగులు. కోతకు ముందు ఆఖరి మందు కొట్టకపోవడం వల్లేనా? పురుగు మందుల షాపాయన డ్రమ్ముకు ఒకటి చొప్పున వేయమని బిళ్ళల ట్యూబు ఇచ్చాడు. ఇంకా సీలు తీయలేదు. – ఒక రైతు

జవాబు: తీయకపోవడమే మంచిదైంది. అవి అల్యూమినియం ఫాస్ఫైడ్ బిళ్ళలై ఉంటాయి. 3 గ్రాముల బిళ్ళకు గాలిలోని తేమ తగిలితే 1 గ్రాము ఫాస్ఫీన్ వాయువు వస్తుంది. దానికి విరుగుడు లేదు. గోదాముల్లో శిక్షణ ఉన్నవాళ్ళు పట్టాలు కప్పి వాడేదాన్ని వంటింట్లో పెడితే, మూత సందుల్లోంచి పడకగదికీ, పక్క ఫ్లాటుకూ పోతుంది. ట్యూబును నీళ్ళలో గానీ చెత్తబుట్టలో గానీ పడేయకండి. తడి తగలకుండా, పిల్లలకు అందకుండా ఇంటి బయట ఉంచి, ఇచ్చినాయనకే తిరిగి ఇచ్చేయండి. మందు అమ్మేవాళ్ళను సలహా అడిగితే మందే చెబుతారు, ఇంకేం చెబుతారు? బోరిక్ పౌడర్ కలిపే అలవాటుంటే అదీ మానేయండి.

ఇక పురుగు సంగతి. పొలంలో మందు కొట్టకపోవడానికీ దీనికీ సంబంధం లేదు. మిల్లు దగ్గరో, పాత గోనె సంచిలోనో, డ్రమ్ము అడుగున మిగిలిన పిడికెడు పాత బియ్యంలోనో అంటుకుని ఉంటుంది. కొన్ని పురుగులను తెల్ల కాగితం మీద వేసి చూడండి. ముందుకు పొడుచుకొచ్చిన ముక్కు, వీపు మీద నాలుగు లేత ఎరుపు మచ్చలు ఉండి, ముట్టుకోగానే కాళ్ళు ముడుచుకుని చచ్చినట్టు పడుంటే ముక్క పురుగే. పిండిలోది వేరే జాతి. అది నిండు గింజను కొరకలేదు, నూక, పిండి దానికి తిండి. పిండికి ఘాటు వాసన వస్తుంటే మొత్తం పారేయండి.

ముక్క పురుగు గింజకు బొక్క పెట్టి, లోపల గుడ్డు పెట్టి, బొక్క మూసేస్తుంది. మన వేడికి గుడ్డు పెద్ద పురుగు కావడానికి సుమారు నెల పడుతుంది. అందుకే ఒకసారి జల్లించి వదిలేస్తే లాభం లేదు. వారానికోసారి చొప్పున 5 వారాలు జల్లించండి. రాలిన నూక, పురుగు ఇంట్లో ఉంచకుండా సబ్బు నీళ్ళలో వేయండి. బియ్యం ఎండలో పోస్తే గింజ విరుగుతుంది, నీడలోనే ఆరబెట్టండి. వారానికి సరిపడా బియ్యాన్ని 2 కిలోల ప్యాకెట్లుగా కట్టి మైనస్ 18 డిగ్రీల ఫ్రీజర్‌లో 4 రోజులు ఉంచితే గింజ లోపలి గుడ్లూ చస్తాయి. బయటికి తీశాక ప్యాకెట్ చల్లదనం పూర్తిగా పోయేదాకా విప్పకండి, చెమ్మ పడుతుంది.

ఖాళీ డ్రమ్మును కడిగి రోజంతా ఎండబెట్టండి. పాత బియ్యం మీద కొత్తవి పోయకండి. పచ్చి వేపాకు వేస్తే తేమ చేరడం తప్ప ఒరిగేదేమీ లేదు.

వచ్చే పంట నుంచి 2 క్వింటాళ్లూ ఒకేసారి బియ్యం పట్టించకండి. వడ్లను తేమ 12 శాతానికి ఆరబెట్టి ఊళ్ళోనే ఉంచుకుని, రెండు నెలలకు సరిపడా మాత్రమే మిల్లు ఆడించుకుని తెచ్చుకోండి. కొత్త సంచుల్లో.