టెక్ సందేహాలు: సిగ్నల్ దగ్గర కాగిపోయే కారు

ప్రశ్న: మాది ఎనిమిదేళ్ల పెట్రోలు కారు. హైవే మీద గంటల తరబడి నడిపినా ఏ ఇబ్బందీ లేదు. ఊళ్లో సిగ్నల్ దగ్గర నాలుగైదు నిమిషాలు ఆగితే మాత్రం ఇంజన్ వేడెక్కినట్టు ఎర్ర దీపం వెలుగుతోంది. కూలెంట్ మార్పించాను, థర్మోస్టాట్ (రేడియేటర్‌కు కూలెంట్ వెళ్లే దారిని తెరిచి మూసే కవాటం) కూడా మార్పించాను. మార్పు లేదు. ఫోనుకు కలిపే ఓబీడీ పరికరం (కారు కంప్యూటర్ ఇచ్చే వివరాలను, లోపాల కోడ్‌లను చదివేది) కొంటే లోపం తెలుస్తుందా?
– ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: చాలావరకు తెలుస్తుంది. కానీ సగం జవాబు మీ ప్రశ్నలోనే ఉంది. కారు పరుగెడుతున్నంతసేపూ ఎదురుగాలే రేడియేటర్‌ను చల్లబరుస్తుంది. బండి ఆగిందంటే ఆ గాలి ఉండదు, రేడియేటర్ దగ్గరి ఎలక్ట్రిక్ ఫ్యానే దిక్కు. పరుగులో చల్లగా ఉండి, ఆగితే కాగుతోందంటే మొదట అనుమానించవలసింది ఫ్యానునే. థర్మోస్టాట్ తెరుచుకోకపోతే హైవే మీద కూడా ఇంజన్ కాగేది. మీ చేత అనవసరంగా ఖర్చు పెట్టించారనే నా అభిప్రాయం. ఆ బాధ నాకు తెలుసు. మా కారుకు ఇదే జబ్బు వస్తే రేడియేటర్ విప్పించి కడిగించాను. చివరికి తేలింది, ఫ్యానుకు కరెంటు కలిపే స్విచ్చు, అగ్గిపెట్టె కన్నా చిన్న రిలే కాలిపోయిందని.

ఇక పరికరం సంగతి. స్టీరింగ్ కింద, డ్యాష్‌బోర్డు అడుగున 16 పిన్నుల సాకెట్ ఉంటుంది. ఈఎల్ఎం327 రకం బ్లూటూత్ అడాప్టర్‌ను అందులో గుచ్చి, ఫోనులో ఏదైనా ఓబీడీ యాప్ తెరిస్తే కూలెంట్ ఉష్ణోగ్రత అంకెల్లో కనిపిస్తుంది. ఈ రోజుల్లో చాలా కార్లకు ఉష్ణోగ్రత ముల్లే లేదు, దీపం ఒక్కటే ఉంటోంది. అది వెలిగేసరికే ఆలస్యమైపోతుంది. అందుకే ఈ అంకె విలువైనది.

ఉదయం ఇంజన్ పూర్తిగా చల్లగా ఉన్నప్పుడు కారును ఆరుబయట నిలపండి. షెడ్డు లోపల వద్దు, పొగ ప్రాణాంతకం. కూలెంట్ డబ్బాలో మట్టం రెండు గీతల మధ్య ఉందో లేదో చూసి, హ్యాండ్‌బ్రేక్ వేసి, గేరు న్యూట్రల్‌లో ఉంచి, ఏసీ కట్టేసి ఇంజన్ నడపండి. అంకె 30 నుంచి మెల్లగా 80లు దాటుతుంది. చాలా కార్లలో 95కూ 100కూ మధ్య ముందు నుంచి ఫ్యాను హోరు వినిపించాలి. నాలుగైదు డిగ్రీలు దిగాక అది ఆగిపోతుంది, కాసేపటికి మళ్లీ తిరుగుతుంది. ఆరోగ్యమైన ఇంజన్ గ్రాఫు చిన్న అలల్లా సాగుతుంది. మీ గ్రాఫు మెట్లెక్కినట్టు పైకే పోతూ, 105 దాటినా ఫ్యాను సద్దు లేకపోతే వెంటనే ఇంజన్ ఆపేయండి.

చల్లారాక ఇంజన్ నడిపి ఏసీ వేయండి. దాదాపు అన్ని కార్లలోనూ ఏసీ వేయగానే ఫ్యాను తిరగాలి. అప్పుడు తిరిగి, ఏసీ లేనప్పుడు ఇంజన్ కాగినా తిరగకపోతే మోటారు బాగున్నట్టే. ఉష్ణోగ్రత సెన్సార్‌నో, దాని తీగనో, ఫ్యానుకు ఆదేశం వెళ్లే దారినో చూడాలి. ఏసీ వేసినా కదలకపోతే బోనెట్ కింది డబ్బాలో ఫ్యాను ఫ్యూజు చూడండి. అది బాగుంటే, ఇంజన్ ఆపి, రిలే మీద ముద్రించిన నంబరు హారన్ రిలే నంబరుతో సరిగ్గా కలిసినప్పుడు మాత్రం రెండింటినీ మార్చి చూడండి. ఫ్యాను తిరిగి హారన్ మూగబోతే దొంగ దొరికినట్టే. రెండూ బాగున్నా తిరగకపోతే మోటారు లేదా దాని కనెక్టర్. అది ఎలక్ట్రీషియన్ పని. యాప్‌లో పీ0480 అనే కోడ్ వస్తే ఫ్యాను సర్క్యూట్‌లో లోపమని అర్థం. కోడ్ రానంత మాత్రాన లోపం లేదనుకోకండి. మోటారు బిగుసుకుపోయినా కంప్యూటర్ పసిగట్టలేని కార్లున్నాయి.

ఫ్యాను తిరుగుతూనే కాగుతోందా? రేడియేటర్‌కూ, దాని ముందుండే ఏసీ కండెన్సర్‌కూ మధ్య సందులో టార్చి వేసి చూడండి. ముందు నుంచి శుభ్రంగా కనిపించినా వెనక దుమ్ము, పురుగులు, గడ్డిపరకలు దుప్పటిలా పేరుకుని ఉంటాయి. చల్లని ఇంజన్ మీద, తక్కువ ఒత్తిడి నీటితో ఇంజన్ వైపు నుంచి బయటకు కడగాలి. బండి నిలిచి ఉండగా యాక్సిలరేటర్ కొద్దిగా తొక్కితే అంకె దిగుతోందంటే వాటర్ పంపు బలహీనపడిందేమో చూపించండి. డబ్బాలో బుడగలు వస్తూ, ఎక్కడా కారకుండానే కూలెంట్ తగ్గుతోందంటే హెడ్ గాస్కెట్ (ఇంజన్ పైభాగానికీ కింది భాగానికీ మధ్య ఉండే సీలు) పాడైందని అనుమానం. అలాంటప్పుడు బండి నడపడం మానేయండి.

రెండు విషయాల్లో దయచేసి నా మాట వినండి. వేడిగా ఉండగా రేడియేటర్ మూత తిప్పవద్దు. లోపలి ఒత్తిడి వల్ల 100 డిగ్రీలు దాటినా మరగకుండా ఆగి ఉన్న ద్రవం, మూత వదులైన క్షణంలోనే ఆవిరై ముఖం మీదికి చిమ్ముతుంది. అలాగే ఇంజన్ ఆపేసినా కొన్ని కార్లలో ఫ్యాను ఉన్నట్టుండి తిరుగుతుంది, వేళ్లు దాని దగ్గరికి పోనీయకండి.

ప్రశ్న: ఆ అడాప్టర్‌ను ఎప్పుడూ గుచ్చే ఉంచవచ్చా?
– మరో పాఠకురాలు, వరంగల్

జవాబు: వద్దు. తాళం తీసినా ఆ సాకెట్‌కు బ్యాటరీ కరెంటు వస్తూనే ఉంటుంది. వారం పదిరోజులు కదలని కారైతే బ్యాటరీ దిగిపోవచ్చు. పని అయ్యాక తీసి డ్యాష్‌బోర్డు అరలో పెట్టుకోండి.