ఆటిజం ఉన్న పిల్లల ప్రత్యేక బడిలో వేరుగా ఏం ఉంటుంది?

పాఠాల కంటే ముందు, రోజు గడిచే తీరే వేరుగా ఉంటుంది. తర్వాత ఏం జరగబోతోందో తెలియకపోతే ఈ పిల్లల్లో చాలామందికి విపరీతమైన టెన్షన్ వస్తుంది. అందుకే ఆ రోజు పనులన్నీ బొమ్మల రూపంలో వరుసగా పెడతారు. ఒక పని అవగానే దాని బొమ్మ తీసేస్తారు, ఇంకెంత మిగిలిందో పిల్లలకు కళ్లెదుటే కనిపిస్తుంది. అమెరికాలోని నార్త్ కరోలినాలో 1972లో రాష్ట్రమంతటా మొదలైన ‘టీచ్’ కార్యక్రమం ఈ పద్ధతికి బాగా పేరు తెచ్చింది.

మాటలు రాని పిల్లలకు, కావలసింది చూపించి అడగడానికి బొమ్మల కార్డులు గానీ ట్యాబ్ గానీ ఇస్తారు. వీటికి అలవాటుపడితే ఇక మాట్లాడరేమోనని తల్లిదండ్రులు భయపడతారు. పాపం, ఆ భయం సహజమే కానీ అవి మాటలకు అడ్డు రావు. పైగా, కావలసింది అడగడం వచ్చాక చాలామందిలో ఏడుపు, తమను తాము కొట్టుకోవడం తగ్గుతాయి.

టీనేజీలో సొంత శుభ్రత, డబ్బు లెక్క, బస్సెక్కడం, ఎవరైనా తాకితే ‘వద్దు’ అని చెప్పడం ముఖ్యం. చాలా బళ్లు వీటిని ఆలస్యంగా మొదలుపెడతాయి. నన్నడిగితే పదేళ్లకే మొదలుపెట్టాలి.

బడి చూడటానికి వెళ్తే సిలబస్ సంగతి తర్వాత. పిల్లలకు విడివిడిగా ప్లాన్ రాస్తారా, దాన్ని ఎన్నాళ్లకోసారి మారుస్తారు అని ముందు అడగండి.