అది కుక్క కాదు టీచర్, ముంగిస!

ప్రశ్న: నేను అమలాపురం దగ్గర ఒక హైస్కూల్లో ఇంగ్లిష్ చెబుతాను. ఇంగ్లిష్ క్లబ్బులో క్లాసుకో దేశం చొప్పున చీటీలు తీస్తే మా ఏడో తరగతికి వేల్స్ వచ్చింది. నాకే సరిగ్గా తెలీదు. పిల్లలేమో "అది ఇంగ్లండే కదా మేడం" అంటున్నారు. చేతిలో నాలుగు పీరియడ్లున్నాయి. ఎక్కడ మొదలుపెట్టమంటారు?
- ఒక టీచరు, కోనసీమ

జవాబు: ముందు ఆ చార్టు పేపరు పక్కన పెట్టేయండమ్మా. రాజధాని కార్డిఫ్, జనాభా 31 లక్షలు, జెండా మీద ఎర్ర డ్రాగన్ అని స్కెచ్ పెన్నులతో రాయించి గోడకి తగిలిస్తే, ఇన్‌స్పెక్షన్ వచ్చేదాకా ఉంటుంది. నేనూ ముప్ఫై ఏళ్ళు అలాంటివి రాయించినదాన్నే.

కథతో మొదలుపెట్టండి. ఉత్తర వేల్స్‌లో బేద్‌గెలర్ట్ అని ఒక ఊరుంది. ఆ మాటకి గెలర్ట్ సమాధి అని అర్థం. గెలర్ట్ అంటే లెవెలిన్ అనే రాజు పెంచుకున్న వేటకుక్క. ఒకరోజు రాజు దాన్ని ఇంట్లోనే వదిలి వేటకి వెళ్ళాడు. తిరిగొచ్చేసరికి ఉయ్యాల తిరగబడి ఉంది, పసివాడు కనబడలేదు, కుక్క మూతి నిండా నెత్తురు. అంతే, కత్తి దూసి పొడిచేశాడు. అప్పుడు వినబడింది ఉయ్యాల చాటు నుంచి పసివాడి ఏడుపు. పక్కనే చచ్చిపడున్న తోడేలు.

రాజోలు వైపు ఒక బడిలో నేనీ కథ ఇంగ్లిష్‌లో చెబుతుంటే, కత్తి దగ్గరికి వచ్చేసరికి వెనక బెంచీలోంచి ఒకడు లేచాడు. "అది కుక్క కాదు టీచర్, ముంగిస! తోడేలు కాదు, పాము!" క్లాసంతా గొల్లుమంది. వాడు చెప్పిందీ నిజమే కదా, పంచతంత్రంలో బ్రాహ్మణి నీళ్ళ బిందె పడేసి ముంగిసని చంపేసిన కథ అదే. బోర్డుకి మధ్యలో గీత గీశాను. ఒకవైపు ముంగిస, పాము, బిందె. రెండోవైపు కుక్క, తోడేలు, కత్తి. ఇక పిల్లలే చెప్పుకుపోయారు. వారం రోజులుగా కుస్తీపడుతున్న పాస్ట్ టెన్స్ ఆ గంటలో ఎవరూ అడక్కుండానే వచ్చింది. ఏడాదంతా ఇంగ్లిష్‌లో నోరు విప్పని ఆ వెనక బెంచీవాడు చివర్లో "మదర్ డిడ్ నాట్ లుక్, టీచర్" అన్నాడు. ఆ వాక్యానికి వాడికి నూటికి నూరు వెయ్యాలనిపించింది.

ఇంకో సంగతి కూడా చెప్పండి. ఆ ఊళ్ళో సమాధి ఇప్పటికీ ఉంది. అయితే అది 18వ శతాబ్దం చివర్లో అక్కడి హోటలాయన యాత్రికుల కోసం కట్టించిందే అంటారు. పిల్లలకి కథకన్నా ఇదే ఎక్కువ నచ్చుతుంది, చూడండి.

రెండో పీరియడ్‌కి మన డెల్టా పిల్లలకి చిటికెలో అర్థమయ్యే కథ ఒకటుంది, కాంత్రెర్ గ్వైలోద్. వేల్స్ పశ్చిమ తీరంలో, సముద్రమట్టానికి దిగువన గట్లు కట్టుకుని బతికిన సారవంతమైన సీమ అట. ఆటు వచ్చినప్పుడు గేట్లు తెరిచి నీళ్ళు వదలాలి, పోటు రాకముందే మూసెయ్యాలి. కాపలావాడి పేరు సైథెనిన్. ఒక రాత్రి విందులో తాగేసి గేట్లు మూయడం మర్చిపోయాడు. తెల్లారేసరికి ఊళ్ళన్నీ సముద్రం పాలు. గాలి లేని రోజున నీళ్ళ అడుగు నుంచి చర్చి గంటలు వినిపిస్తాయని చెప్పుకుంటారు. మా పిల్లలకైతే "లాకు దగ్గర లస్కరు తాగి పడుకున్నాడ్రా" అన్నాను, ఇంకేమీ వివరించాల్సిన పని పడలేదు. అక్కడ బోర్త్ అనే ఊరి తీరంలో ఆటు బాగా తీసినప్పుడు వేల ఏళ్ళనాటి చెట్ల మొదళ్ళు ఇసుకలోంచి నిజంగానే బయటపడతాయి. ఉప్పాడలో ఇళ్ళు కోతకి గురై సముద్రంలో కలిసిపోవడం చూసిన పిల్లలుంటే, వాళ్ళచేతే చెప్పించండి.

ఇక "ఇంగ్లండే కదా" అన్నదానికి. కాదు. ఇంగ్లండుకి పడమరన ఆనుకుని ఉన్న వేరే దేశం, రెండూ యునైటెడ్ కింగ్‌డమ్‌లో భాగాలు. వేల్స్ అన్న పేరు ఇంగ్లిష్ వాళ్ళు పెట్టింది, దాని మూలంలో పరాయివాళ్ళన్న అర్థం ఉంది. వేల్స్‌వాళ్ళు తమ దేశాన్ని పిలుచుకునే పేరు కమ్‌రీ, అంటే తోటివాళ్ళు, మనవాళ్ళు. ఎవరి గడ్డ మీద ఎవరు పరాయివాళ్ళో! లెక్కల పుస్తకంలో పిల్లలు రోజూ గీసే ఈక్వల్ టు గుర్తుని 1557లో మొదట అచ్చులో వాడినాయన రాబర్ట్ రెకార్డ్ కూడా వేల్స్‌వాడే, టెన్బీ ఊరు. ఈ ముక్క చెబితే మీ లెక్కల మాస్టారు కూడా క్లాసులోకి తొంగి చూస్తారు.

కొండలూ గొర్రెలూ ఫొటోల్లో చూపించండి, చాలు. అన్నిటికన్నా ఎత్తైన అర్ విద్వ, ఇంగ్లిష్‌లో స్నోడన్, 1,085 మీటర్లు. గొర్రెలు మనుషులకి దాదాపు మూడింతలుంటాయి.

ఆఖరి పీరియడ్ ఐస్తెద్వొద్‌కి ఉంచండి. అది ఏటా ఆగస్టులో ఒక ఏడు ఉత్తరాన, ఒక ఏడు దక్షిణాన వెల్ష్ భాషలోనే జరిగే కవుల, పాటగాళ్ళ జాతర. మన యతిప్రాసల్లాంటి, ఇంకా కఠినమైన హల్లుల పొత్తు పాటిస్తూ రాసిన పద్యానికి బహుమతి ఒక కుర్చీ. ఏటేటా కొత్తగా చేయిస్తారు. అందరూ మారుపేర్లతో పంపుతారు. వేదిక మీంచి ఆ మారుపేరు పిలిచినప్పుడు జనంలోంచి లేచి నిలబడినవాడే విజేత. 1917లో పిలిస్తే ఎవరూ లేవలేదు. హెడ్ విన్ అనే పేరుతో రాసే ఆ రైతుబిడ్డ, కొన్ని వారాల ముందే, జులై 31న, బెల్జియంలో యుద్ధంలో చనిపోయాడు. ఖాళీ కుర్చీ మీద నల్లగుడ్డ కప్పారు. ఇది చెప్పాక ప్రశ్నలేమీ అడక్కండి. కాసేపు ఊరుకోండి.

ప్రశ్న: మార్చి 1న వేల్స్‌వాళ్ళ పండగ, సెయింట్ డేవిడ్స్ డే అట. మా పాప బడికి వెల్ష్ కేకులు తీసుకెళ్తానంటోంది. మాకు ఓవెన్ లేదు.
- ఒక అమ్మ, పాలకొల్లు

జవాబు: ఓవెన్ అక్కర్లేదు, అట్ల పెనం చాలు. అక్కడా పెనం మీదే కాలుస్తారు. పావుకిలో మైదా, చిటికెడు బేకింగ్ పౌడర్, 100 గ్రాముల వెన్న, 80 గ్రాముల పంచదార, గుప్పెడు ఎండుద్రాక్ష, కాస్త జాజికాయ పొడి, ఒక గుడ్డు. చిటికెన వేలంత మందంగా ఒత్తి, గ్లాసుతో గుండ్రంగా కోసి సన్నమంట మీద రెండువైపులా కాల్చండి. నేను మొదటిసారి పెద్దమంట పెట్టాను. పైన మాడిపోయి లోపల పిండి పిండిగా ఉంటే మావారు మారు మాట్లాడకుండా తిన్నారు. అదే పెద్ద టెన్షన్.

ప్రశ్న: మా అబ్బాయి కార్డిఫ్‌లో ఉద్యోగం. మనవడికి ఆరేళ్ళు. అక్కడ బడిలో వెల్ష్ తప్పనిసరి అట. ఎంతమంది మాట్లాడతారని? ఆ టైములో ఇంగ్లిషో లెక్కలో నేర్పొచ్చు కదా?
- ఒక తాతగారు, భీమవరం

జవాబు: 2021 జనాభా లెక్కల్లో వెల్ష్ వచ్చినవాళ్ళు 5 లక్షల 38 వేలమంది అండి, వందకి పద్దెనిమిదిమంది లోపే. పదహారేళ్ళ వరకూ బడిలో అందరూ నేర్చుకోవాల్సిందే. అంత పట్టుదల ఎందుకంటే, 19వ శతాబ్దంలో అక్కడ కొన్ని బళ్ళలో వెల్ష్ మాట్లాడిన పిల్లాడి మెడలో ఒక చెక్కముక్క వేలాడదీసేవారు. వాడు వెల్ష్ మాట్లాడే ఇంకొకడిని పట్టిస్తే అది వాడి మెడకి మారేది. సాయంత్రానికి ఎవరి మెడలో ఉంటే వాడికి బెత్తం దెబ్బలు. తర్వాత టీవీ చానల్ కోసం కూడా కొట్లాడాల్సొచ్చింది. ఇస్తామన్న వెల్ష్ చానల్ ఇవ్వకపోతే ఆమరణ దీక్షకి కూర్చుంటానని 1980లో గ్విన్‌వోర్ ఇవాన్స్ అనే నాయకుడు ప్రకటించాడు. దీక్ష మొదలయ్యేలోపే ప్రభుత్వం దిగొచ్చింది, 1982లో చానల్ వచ్చింది. పొట్టి శ్రీరాములుగారిని ఎరిగినవాళ్ళం, మనకి ఇది విడమర్చి చెప్పాలా?

ఆ చెక్కముక్క గురించి మొదటిసారి చదివిన రాత్రి నాకు నిద్రపట్టలేదు. గవర్నమెంటు ఉద్యోగం రాకముందు నేను రెండేళ్ళు ఒక ప్రైవేటు బడిలో చేశాను. తెలుగు మాట్లాడితే రూపాయి ఫైను. ఆ డబ్బులు వేసే పాలడబ్బా నా బల్ల మీదే ఉండేది. ఒకరోజు తలుపు సందులో వేలు నలిగి ఒకటో క్లాసు పిల్ల "అమ్మా" అని అరిచింది. లీడర్ చెయ్యెత్తి "టీచర్, తెలుగు" అన్నాడు. మర్నాడు ఆ పిల్ల నాలుగు పావలాలు తెచ్చింది. నేను డబ్బాలో వేయించాను.

మీ మనవణ్ణి ఆపకండి తాతగారూ. ఆ ప్రాంతంలో వెల్ష్ మాట్లాడే పిల్లలు తాతని తాద్‌కీ అంటారు. ఈ ఆదివారం వీడియో కాల్‌లో వాణ్ణి అలా పిలవమనండి. తర్వాత తాతా అని కూడా.