కోనసీమలో ఆవిడకి గిటార్ కానుక: సాలిడ్ చెక్కా, లామినేటా?

అమలాపురం, రాజోలు లాంటి చోట ఉంటూ, ఇప్పుడే నేర్చుకోబోతున్న భార్యకి మొదటి గిటార్ ఇవ్వాలంటే, పైపలక ఒకే చెక్కతో చేసిన సాలిడ్ రకం కన్నా పొరలు అతికించిన లామినేట్ రకమే మేలు.

కారణం గాలిలో తేమ. గిటార్‌కి 45 నుంచి 55 శాతం తేమ సరిపడుతుంది. గోదావరి డెల్టాలో, ముఖ్యంగా వానాకాలంలో, అంతకు బాగా ఎక్కువే ఉంటుంది. శ్రావణంలో వీధి తలుపు ఉబ్బి గడపకి పట్టేస్తుంది చూడండి, సాలిడ్ పలకకి జరిగేదీ అదే. లామినేట్‌లో ఒక పొర నార నిలువుగా, పక్క పొరది అడ్డంగా ఉండి ఒకదాన్నొకటి బిగించి ఉంచుతాయి. కదలిక తక్కువ.

ఉదాహరణకి, పన్నెండో ఫ్రెట్ (గిటార్ మెడ మీద అడ్డంగా ఉండే లోహపు కమ్మీ) మీంచి లావు తీగ ఎత్తు 2.5 మిల్లీమీటర్లు ఉందనుకుందాం. పలక ఉబ్బితే బ్రిడ్జి, అంటే పలక మీద తీగలు బిగించే చెక్కముక్క, పైకి లేచి అది 3 దాకా వెళ్తుంది. అర మిల్లీమీటరే కదా అనిపిస్తుంది గానీ, ఒక్క చూపుడు వేలితో ఆరు తీగలూ అదిమి ఎఫ్ కార్డ్ (కలిపి మోగించే స్వరాల గుంపు) పట్టేటప్పుడు ఇంకెంత గట్టిగా నొక్కాలో తెలుస్తుంది. చాలామంది గిటార్‌ని అటకెక్కించేది అక్కడే.

పొరల చెక్క అంటే నాసిరకం అనేది అపోహ. నాదం సాలిడ్‌దే నిండుగా ఉంటుంది, కాదనలేం. కానీ కొత్తగా నేర్చుకునేవాళ్లకి ముందు కావలసింది వేళ్లకి లొంగే గిటార్. నొప్పి భయముంటే నైలాన్ తీగల క్లాసికల్ గిటార్ తీసుకోండి. దానికి స్టీలు తీగలు మాత్రం ఎక్కించొద్దు, ఆ లాగుడుకి బ్రిడ్జి ఊడొచ్చే ప్రమాదముంది.