'హార్డ్లీ' అన్నందుకు పట్నం పంపాలా?

ప్రశ్న: మా అబ్బాయి పది దాకా తెలుగు మీడియం. బీటెక్ అయ్యాక హన్మకొండలో రూం తీసుకుని కేంద్ర ప్రభుత్వ కొలువుల పరీక్ష సీజీఎల్‌కు చదువుతున్నాడు. ఒక ఇంటర్వ్యూలో 'ఐ వర్క్‌డ్ హార్డ్లీ' అంటే నవ్వారట. ఇంట్లో మేమూ ఆ మాట అని నవ్వుకున్నాం. ఇప్పుడు నోరు విప్పడం లేదు. చదువు ఆపించి హైదరాబాద్‌లో మూడు నెలల స్పోకెన్ ఇంగ్లిష్‌కు పంపాలా, ఇక్కడే ఉంచాలా?
– ఒక తండ్రి, నర్సంపేట

జవాబు: బయటివాళ్లు నవ్వింది ఒక్కసారి. ఇంట్లో ఆ నవ్వు ఎన్నాళ్లు సాగింది? ముందు అది ఆపండి.

'స్లో'కు 'లీ' చేర్చి 'స్లోలీ' అన్నట్టే 'హార్డ్'కూ చేర్చాడు. సూత్రం తెలిసినవాళ్లే చేసే తప్పు ఇది. 'వర్క్‌డ్ హార్డ్' అంటే కష్టపడ్డాను, 'హార్డ్లీ వర్క్‌డ్' అంటే పని చేయనట్టే. 'హార్డ్లీ'లోనే 'లేదు' దాగి ఉంది కాబట్టి 'కాంట్ హార్డ్లీ' అనకూడదు, 'కెన్ హార్డ్లీ' అనాలి. మన 'చేరానో లేదో' గుర్తు పెట్టుకుంటే చాలు: 'హార్డ్లీ హాడ్ ఐ రీచ్‌డ్ కాజీపేట వెన్ ది ట్రెయిన్ లెఫ్ట్'. కాజీపేట చేరానో లేదో రైలు కదిలింది. ఇక్కడ 'హాడ్' 'ఐ' కంటే ముందుకొస్తుంది. 'వెన్' బదులు 'దాన్' పెట్టి మార్కు పోగొట్టుకుంటారు. 'దాన్' 'నో సూనర్'కు జత.

ఇక ఆ కోర్సు. గంట క్లాసులో 40 మంది ఉంటే, సారు అసలు మాట్లాడకపోయినా ఒక్కొక్కరికి వచ్చేది నిమిషంన్నర. అందులో బట్టీ పట్టించేది స్వపరిచయం. ఇంటర్వ్యూలో రెండో ప్రశ్న పడగానే అది అయిపోతుంది. అయినా సీజీఎల్‌కు ఇంటర్వ్యూ ఎక్కడుంది? 2016లోనే తీసేశారు. రెండో దశలో ఇంగ్లిష్‌కు 135 మార్కులున్నాయి, అవి చదివి తెచ్చుకునేవి. ఫీజు, హాస్టల్ కలిపి అంత పైసలు పోసి, నడుస్తున్న చదువును ఆపించడం నాకైతే అర్థం కాలేదు. ప్రైవేటు కొలువే కావాలంటే మాట్లాడటం నేర్వాల్సిందే, దానికీ పట్నమే పోనక్కర్లేదు.

రోజూ పది నిమిషాలు ఫోన్‌లో రికార్డు చేసుకోమనండి. బీటెక్‌లో చేసిన ప్రాజెక్టు గురించి ఐదు వాక్యాలు, చూసి చదవకుండా. విని, తప్పుపోయిన ఒక్క వాక్యాన్నే మళ్లీ చెప్పాలి. ఐదూ దిద్దబోతే నాలుగో రోజే మానేస్తాడు. 'లేట్, లేట్లీ', 'నియర్, నియర్లీ' జంటల్నీ అందులోకి తేవాలి: 'లేట్లీ' అంటే ఈమధ్య, 'నియర్లీ' అంటే దాదాపు. ఆ రికార్డింగులు మాత్రం మీరు వినకండి.