మొదటి కాన్పులో ప్రీఎక్లాంప్సియా వచ్చింది, ఈసారి మైక్రోఆర్ఎన్ఏ టెస్ట్ చేయించాలా?

మీ ఆవిడకి మొదటిసారి ప్రీఎక్లాంప్సియా, అంటే గర్భంతో ఉన్నప్పుడు బీపీ ప్రమాదకరంగా పెరిగే జబ్బు, వచ్చి నెలలు నిండకుండానే ఆపరేషన్ చేశారన్నారు, ఇప్పుడు మళ్లీ మూడో నెల, రక్తంలో మైక్రోఆర్ఎన్ఏలు కొలిచే ఈ టెస్ట్ ఉపయోగమా అని అడిగారు. నేను పీహెచ్‌డీలో మాయ (ప్లాసెంటా) మీదే పనిచేశానండి, కాన్పు అవ్వగానే లేబర్ రూమ్ దగ్గరికెళ్లి మాయ ముక్కలు తెచ్చుకుని ఆర్ఎన్ఏ తీసేవాళ్లం. ఆ అనుభవంతో చెప్తున్నా, సైన్స్ నిజమే కానీ ఆ టెస్ట్ మీద డబ్బులు పెట్టకండి.

ఆర్ఎన్ఏ అంటే కణంలో జీన్స్ నుంచి తయారయ్యే అణువు, ప్రొటీన్ తయారుచేయని ఆర్ఎన్ఏలు చాలా ఉంటాయి, అవి వేరే జీన్స్ ఎంత పనిచేయాలో అదుపు చేస్తాయి, వాటిలో చిన్నవే మైక్రోఆర్ఎన్ఏలు, 2024లో శాస్త్రవేత్తలు ఆంబ్రోస్, రువ్‌కున్‌లకి నోబెల్ వచ్చింది వీటికే. 19వ క్రోమోజోమ్ మీద వీటి గుంపు ఒకటుంది, దాదాపు మాయలోనే పనిచేస్తుంది, అదీ తండ్రి నుంచి వచ్చిన కాపీ మాత్రమే! ఇవి తల్లి రక్తంలోకీ వస్తాయి, కాన్పయ్యాక తగ్గిపోతాయి. ప్రీఎక్లాంప్సియాలో గర్భసంచి రక్తనాళాలు సరిగ్గా వెడల్పవ్వక మాయకి రక్తం సరిపోదు, ఆక్సిజన్ తగ్గితే మిర్-210 అనే మైక్రోఆర్ఎన్ఏ పెరుగుతుంది, అది కణాలకి శక్తినిచ్చే మైటోకాండ్రియా పనిని ఇంకా దెబ్బతీస్తుంది. మా శాంపిల్స్‌లో కూడా ఇది పెరగడం చూశాం.

మరి టెస్ట్ ఎందుకొద్దంటే, రక్తం తీసేటప్పుడు ఎర్రకణాలు కొంచెం పగిలినా వాటిలోని మైక్రోఆర్ఎన్ఏలు కలిసిపోయి రీడింగ్ మారిపోతుంది, దేనితో పోల్చి లెక్కేయాలన్నది కూడా ల్యాబ్ ల్యాబ్‌కీ వేరు, అందుకే ఒక ల్యాబ్‌కి వచ్చిన రిజల్ట్ ఇంకో ల్యాబ్‌కి రాదు. ఇంత తేడా ఉన్నదాన్ని పట్టుకుని ఒక గర్భిణి విషయంలో నిర్ణయం తీసుకోకూడదని నా గట్టి అభిప్రాయం.

మీకు ఇప్పుడు కావాల్సింది ఆస్పిరిన్ గురించి డాక్టర్‌ని అడగడం, అదీ ఈ వారమే, ఎందుకంటే 16 వారాల్లోపు మొదలుపెడితేనే మంచి ఫలితం. 2017లో వచ్చిన ఆస్ప్రే అనే క్లినికల్ ట్రయల్‌లో రిస్క్ ఎక్కువున్నవాళ్లకి రోజూ రాత్రి 150 మిల్లీగ్రాములు ఇస్తే, 37 వారాల్లోపు వచ్చే ప్రీఎక్లాంప్సియా 60 శాతం పైనే తగ్గింది. డోసు డాక్టరే చెప్పాలి, సొంతంగా వేసుకోవద్దు. ఐదో నెల దాటాక అనుమానమొస్తే, మాయ నుంచి రక్తంలోకి వచ్చే ఎస్ఎఫ్ఎల్‌టీ-1, పీఎల్‌జీఎఫ్ అనే రెండు ప్రొటీన్ల నిష్పత్తి చూసే టెస్ట్ ఉంది, 38 లేదా అంతకంటే తక్కువ వస్తే తర్వాతి వారంలో జబ్బు వచ్చే అవకాశం చాలా తక్కువ, ఇది బాగా పరీక్షించిన టెస్ట్.

ఇంట్లో బీపీ మెషిన్ కొనుక్కోండి. 140/90 వచ్చినా, తగ్గని తలనొప్పి, కళ్లు మసకబారడం, కుడి పక్కటెముకల కింద నొప్పి, ఒక్కసారిగా మొహం వాపు, వీటిలో ఏది కనిపించినా అర్ధరాత్రయినా సరే వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లండి.