రెండు వూఫర్ల పెట్టె కడుతున్న మేనకోడలికి

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

ఒకే పెట్టెలో 10 అంగుళాల వూఫర్లు (బాస్ పలికే స్పీకర్లు) రెండు పెట్టి నువ్వే స్వయంగా స్పీకర్ కడుతున్నావని మీ అమ్మ చెప్పినప్పటి నుంచి నా మనసు ఒకచోట నిలవడం లేదు. ఈ వ్యామోహం మన కుటుంబంలో నాతోనే ఆగిపోతుందేమోనని దిగులు పడేవాణ్ని, అది నీ చేతికి అందిందని తెలిసి చాలా గర్వపడ్డాను. అయితే అందులో ఒక వూఫర్‌ను తిరగేసి, అయస్కాంతం బయటికి వచ్చేలా బిగించబోతున్నావన్న మాట విన్నాక భయం పట్టుకుంది. అందుకే ఈ ఉత్తరం.

మామూలు సంగతులు నీకు తెలిసినవే. ఎండీఎఫ్ (చెక్కపొడిని నొక్కి చేసిన పలక) కోసేటప్పుడు ముక్కుకు మాస్కు కట్టుకో. ఒక వూఫర్‌కు 40 లీటర్ల పెట్టె సరిపోతే రెండింటికి 80 లీటర్లు కావాలి. 8 ఓమ్‌ల వూఫర్లు రెండింటిని ప్యారలల్‌గా కలిపితే 4 ఓమ్‌లవుతుంది కనుక, నీ యాంప్లిఫైయర్ దాన్ని తట్టుకుంటుందో లేదో ముందే చూసుకో. లోపల అడ్డపట్టీలు వేయడానికి బద్ధకించకు.

రెండో వూఫర్ వల్ల కలిగే అసలు లాభం కోన్ (ముందుకూ వెనక్కూ ఊగి గాలిని నెట్టే గరాటు లాంటి భాగం) కదలికలో ఉంది. 80 హెర్ట్జ్ దగ్గర వచ్చినంత శబ్దమే 40 హెర్ట్జ్ దగ్గరా రావాలంటే కోన్ నాలుగు రెట్లు ఎక్కువగా కదలాలి. ఆ పనిని రెండు కోన్లకు పంచితే ఒక్కొక్కటీ సగం దూరమే ప్రయాణిస్తుంది, కోన్‌ను కదిలించే తీగచుట్ట, అంటే వాయిస్ కాయిల్, అయస్కాంత క్షేత్రం బలంగా ఉన్న చోటు దాటి పోదు. ఇక తిరగేయడం సంగతి. ఏ వూఫరూ ముందుకూ వెనక్కూ అచ్చం ఒకేలా కదలదు: కాయిల్ లోపలికి దిగినప్పుడు దాని ఇండక్టెన్స్ (కరెంటు మార్పును అడ్డుకునే గుణం) పెరుగుతుంది, బయటికి వచ్చినప్పుడు తగ్గుతుంది, కాయిల్‌ను మధ్యలో నిలిపే ముడతల బట్ట, అంటే స్పైడర్, కూడా ఒకవైపు కాస్త బిగువుగా ఉంటుంది. రెండో హార్మోనిక్ డిస్టార్షన్ (అసలు స్వరానికి రెట్టింపు హెర్ట్జ్‌లో అనవసరంగా చేరే శబ్దం) ఎక్కువగా ఈ అసమానతలోంచే పుడుతుంది. ఒక వూఫర్‌ను తిరగేస్తే దీని దోషం దాని దోషానికి ఎదురు నిలిచి, రెండో హార్మోనిక్ చాలావరకు రద్దవుతుంది. మూడో హార్మోనిక్ ఈ పద్ధతిలో పోదు, దానికి కదలిక తగ్గడమొక్కటే మందు. ఈ రద్దు బాగా జరగాలంటే రెండు వూఫర్లూ కవలల్లా ఉండాలి. ఒకే మోడల్ కదా అని ఊరుకోకుండా, 1961లో థీల్, 1970ల మొదట్లో స్మాల్ అనే ఇంజనీర్లు చూపిన లెక్కల ప్రకారం రెండింటి కొలతలూ విడివిడిగా తీసుకో.

ఇప్పుడు నా తప్పు చెబుతాను, జాగ్రత్తగా చదువు.

నీ వయసులో నేనూ ఇలాంటి సీల్డ్ (గాలి బయటికి పోని) పెట్టె కట్టాను, ఒక వూఫర్‌ను తిరగేసి బిగించాను. తిరగేసినదానికి వైర్లు కూడా తిప్పి కలపాలన్న ముక్క మాత్రం మరిచి, రెండింటికీ ఎరుపును ఎరుపుకే సాల్డర్ చేశాను. పాట పెడితే బాస్ లేదు, గొంతులు మాత్రం పలచగా వినిపించాయి. పెట్టెకు గాలి లీకుందేమోనని మూలలన్నిటికీ పుట్టీ పూశాను. మీ అమ్మ అప్పుడు చిన్నపిల్ల, నా పక్కన టార్చి పట్టుకుని కూర్చునేది. "అన్నయ్యా, ఒకటి బయటికి వస్తుంటే ఇంకోటి లోపలికి పోతోంది" అంది. నీకేం తెలుసు, వెలుగు సరిగ్గా చూపించు అని కసిరాను. యాంప్లిఫైయర్‌కు బలం చాలడం లేదనుకుని వాల్యూమ్ పెంచాను. ఒక కోన్ పెట్టెలోని గాలిని నొక్కుతుంటే రెండోది అంతే గాలిని లాగేస్తోంది కనుక, కోన్లను ఆపవలసిన గాలి స్ప్రింగు లోపల లేనేలేదు. టపటపమని కాయిల్ అయస్కాంతం వెనక పలకకు కొట్టుకున్న చప్పుడు, ఆ వెంటనే వార్నిష్ మాడిన వాసన. ఆ రెండు వూఫర్లూ కొనడానికి నేను ఏడాదిపాటు డబ్బు దాచాను. మీ అమ్మ ఒక్క మాట కూడా అనకుండా టార్చి ఆర్పేసింది. ఇన్నేళ్లయినా ఆ వాసన కన్నా, ఆ టార్చి ఆరడమే నాకు ఎక్కువగా గుర్తొస్తుంది.

అందుకని, తల్లీ, యాంప్లిఫైయర్ కలపకముందే 1.5 వోల్టుల బ్యాటరీతో పరీక్ష చేయి. వైర్లన్నీ కలిపాక పెట్టె టెర్మినళ్లకు దాన్ని ఒక్క క్షణం తాకించు: ప్లస్ ఎరుపుకు తగిలినప్పుడు మామూలుగా బిగించిన కోనూ, తిరగేసిన కోనూ రెండూ కలిసి పెట్టె నుంచి బయటికి జరగాలి. ఒకటి లోపలికి పోయిందంటే తిరగేసినదాని వైర్లు మార్చు. బ్యాటరీని అలాగే పట్టి ఉంచకు, కాయిల్ వేడెక్కుతుంది. తరువాత మామూలుగా బిగించిన కోన్‌ను నాలుగు వేళ్లతో, మధ్యనున్న టోపీని తాకకుండా, సమంగా లోపలికి నొక్కి పట్టుకో. రెండోది బయటికి లేచి, అలాగే కాసేపు నిలిచి, నెమ్మదిగా దిగితే పెట్టెకు గాలి బిగువు ఉన్నట్టు. చటుక్కున దిగిపోతే ఎక్కడో లీకుంది, అప్పుడు పుట్టీ పూయి.

తిరగేసిన వూఫర్‌ను 100 హెర్ట్జ్ పైన వాడకు. ఆ కింద ధ్వని తరంగం 3.4 మీటర్లకు మించి ఉంటుంది కనుక రెండు కోన్లూ ఒకే చోట ఉన్నట్టు పనిచేస్తాయి. పైకి వెళ్లే కొద్దీ అయస్కాంతం వైపు నుంచి వచ్చే చప్పుళ్లు చెవికి తెలుస్తాయి.

బ్యాటరీ పరీక్ష చేసే రోజున మీ అమ్మను పక్కన కూర్చోబెట్టుకుని, టార్చి ఆమె చేతికే ఇవ్వు. కోన్లు ఎటు కదిలాయో ఆమెనే చెప్పమను.

నీ మామయ్య